మూరెడు మంచినీళ్ళు

పప్పు ఉడకకపోతే ముందు కొట్టువాడి మీదికి పోకండి. నీళ్ళు చూసుకోండి. ఇన్నేళ్ళ తోటపనిలో నేను నేర్చుకున్నదాంట్లో మీకు పనికొచ్చే ముక్క ఇదొక్కటే అనుకుంటాను. మిగతావన్నీ ఇప్పుడు ఫోనులో దొరుకుతున్నాయి. ఏ మొక్కకు ఎంత ఎండ కావాలో, ఏ పురుగుకు ఏం చల్లాలో అదే చెబుతుంది. ఈ సంగతి మాత్రం దానికి తెలియదు. అది పప్పన్నం తినదు గదా.

మోకాళ్ళు మొరాయించి నేను పని మానుకున్నాక, తోటలు వేసే పని కొత్తగా మొదలుపెట్టిన కుర్రవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తున్నారు. "సముద్రం పక్కన గెస్ట్‌హౌస్ పని వచ్చింది సార్, బోరు ఎంత లోతు వేయించమంటారు?" అని అడుగుతారు. ఆ మాట వినగానే నాకు కోపమూ నవ్వూ ఒకేసారి వస్తాయి. ఒకప్పుడు మేమూ అచ్చం ఇదే ప్రశ్న వేసుకున్నాం. చెప్పేవాళ్ళు లేక మాకు మేమే జవాబు చెప్పుకున్నాం. వచ్చిన ప్రతి ఒక్కరికీ మొదటినుంచి ఆ కథంతా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని ఒకసారి కూర్చుని రాసేస్తున్నాను. ఇక మీరు చదువుకోండి, నన్ను కాస్త కునుకు తీయనివ్వండి.

మాది నెల్లూరు జిల్లాలో లోపలి ఊరు. వరి పండించే ఇల్లు. తడ దగ్గర కంపెనీలు వచ్చిన కొత్తలో, వాటి గేట్ల ముందు పచ్చిక పరిచే కూలీలకు మేస్త్రీగా పోయాను. అక్కడే, అందరూ భాయ్ అని పిలిచే అతను తగిలాడు. అతనిది కావలి. వాళ్ళ నాన్న మోటర్లు బాగుచేసేవాడు, ఇతనిదీ అదే చేయి. నేను గడ్డి పరిచిన చోటల్లా అతను నీళ్ళ పైపులు వేసేవాడు. నేను పరిచిన గడ్డిని అతను తవ్వేవాడు, అతను వేసిన పైపును నేను పారతో తెగ్గొట్టేవాణ్ణి. ఇట్లా రోజూ పోట్లాడుకుంటూ ఒకరినొకరు విడిచి ఉండలేని స్థితికి వచ్చి, చివరికి ఇద్దరం కలిసి సొంత పని పెట్టుకున్నాం.

మాది ఏడాది పొడుగునా సాగే పని కాదు. మన వైపు పెద్ద వానలు దీపావళి ముందూ వెనకా వస్తాయి. అవి పడ్డాక తోటపని మొదలై, ఎండలు ముదిరేసరికి ఆగిపోతుంది. అప్పుడు నేను మా ఊరికి పోయి పొలం చూసుకునేవాణ్ణి, భాయ్ కావలికి పోయి మోటర్లు విప్పుకునేవాడు. మళ్ళీ ఆకాశం మబ్బు పట్టగానే అతని దగ్గరినుంచి ఫోను వచ్చేది. "అన్నా, వాన వాసన వస్తాంది, మూట గట్టు" అనేవాడు. కావలిలో వాన వాసన వస్తే మేము పనిచేసే కోట ఊళ్ళో మొక్కలు నాటాలన్నది అతని లెక్క.

మొక్కలు మాకు అక్క దగ్గరివి. అక్క అంటే మాతో పుట్టింది కాదు. కోట దాటి సముద్రం వైపు పోతే, సరుగుడు తోపుల అవతల ఒక చిన్న పల్లె ఉంది. ఆ పల్లె చివర అక్కకు కాస్త ఇసుక నేల. అందులో బంతి, చేమంతి నారు పోసేది. నందివర్ధనం, గన్నేరు, మల్లె అంట్లు కట్టేది. మొక్కలు నాటే ఆడవాళ్ళ జట్టుకు పెద్ద కూడా తనే. మేం పని ఒప్పుకునేది, అక్క చేయించేది. మేము మాట తప్పితే జట్టును కూర్చోబెట్టి, మమ్మల్ని నిలబెట్టి తిట్టేది.

ఆ మొక్కలన్నీ బతికేది ఒక దొరువు మీద. మీలో దొరువు చూడనివాళ్ళు ఉంటారు కాబట్టి చెబుతున్నాను. అది బావి కాదు. ఇసుకలో వెడల్పుగా తవ్విన గుంట, అంతే. వాలుగా దిగి కడవ ముంచుకుని ఎక్కి రావచ్చు. అక్కడ నిలబడితే సముద్రం హోరు చెవిలో పడుతూనే ఉంటుంది. నీళ్ళు మాత్రం తియ్యగా ఉంటాయి. అక్క ఇంటికి తాగే నీళ్ళూ అవే, వంట నీళ్ళూ అవే, నారుకూ అవే.

ఆ దొరువుకు కొన్ని పద్ధతులు ఉండేవి. వానలకు అంచులు జారి గుంట పూడిపోతుంది. ఏటా వానలు వెలిశాక ఆడవాళ్ళంతా చేరి ఇసుక ఎత్తిపోసేవాళ్ళు. నీళ్ళు మోకాలి దాకా రాగానే అక్క పార కడిగి గట్టు మీద బోర్లించేది. ఆ తర్వాత ఎవరూ ఒక్క పార కూడా వేయకూడదు. పొద్దున నీళ్ళు ముంచుకుంటే మళ్ళీ పొద్దు వాలేదాకా దొరువు జోలికి పోకూడదు.

"ఎందుకక్కా?" అని అడిగాను మొదటి ఏడాది.

"మా అత్త అట్టా చేసింది అబ్బయా."

"మీ అత్త ఎందుకు చేసింది?"

"ఆమెను అడిగే ధైర్యం ఎవురికి ఉండాది? నువ్వు మా అత్తను జూళ్ళా" అని నవ్వేసింది.

మా ఊళ్ళో నీళ్ళంటే లోతు. బావి ఎండితే పూడిక తీస్తాం, అప్పటికీ రాకపోతే బోరు దించుతాం, అదీ ఎండితే ఇంకాస్త దించుతాం. లోతుకు పోయేకొద్దీ నీళ్ళు ఎక్కువ అన్నది మాకు ఉగ్గుపాలతో వచ్చిన సంగతి. మోకాలి లోతు దగ్గర పార కడిగేసే ఈ మనుషులను చూసి నేను మనసులో జాలిపడ్డాను. కష్టపడటానికి ఒళ్ళు వంగక అత్తగారి పేరు చెబుతున్నారనుకున్నాను.

ఇట్లా ఉండగా, అక్క నేలను ఆనుకుని నెల్లూరు వ్యాపారి ఒకాయన ఇల్లు కట్టాడు. మేము సార్ అనేవాళ్ళం. మంచి మనిషే, మాటే కొంచెం గట్టి. వాళ్ళమ్మ నడవలేదు, చక్రాల కుర్చీలో ఉండేది. ఆమె వరండాలో కూర్చుంటే సముద్రం దాకా కంటికి పచ్చగా కనబడాలని ఆయన కోరిక. పెద్ద పెద్ద హోటళ్ళ ముందు ఉంటుందే, తివాచీ పరిచినట్టు గడ్డి, అది కావాలన్నాడు. మాకు అంతకుముందు అంత పెద్ద పని రాలేదు. లారీలతో ఎర్రమట్టి తోలించి ఇసుక మీద పరిచి, ఆ మట్టి మీద గడ్డి పరిచాం.

ఆ గడ్డికి దాహం ఎక్కువ. సార్ స్థలంలో అప్పటికే బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడ్డాయి. పక్కనే అక్క దొరువులో తియ్యటి నీళ్ళు. ఆయన అదృష్టం అంత, అక్క అదృష్టం ఇంత, అని మేము తేల్చేశాం. కళ్ళెదుట ఉన్నదాన్ని చూసి ముగ్గురు పెద్దమనుషులు ఇంత తప్పు లెక్క తేల్చడం ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. లోతు బోరులో ఉప్పు, పైన గుంటలో తీపి. ఆ రెండు మాటలు పక్కపక్కన పెట్టుకుంటే చాలు. మేము పెట్టుకోలేదు.

దొరువును లోతు చేసి మోటరు పెడదామన్నాడు భాయ్. నేను సరే అన్నాను. అక్క ఏమంటుందోనని ఇద్దరం భయపడుతూ పోయాం. అక్క మా మాట మధ్యలోనే ఆపింది.

"పెట్టండబ్బా. కడవలు మోసి మోసి నడుము పోతాంది. మా అత్త కాలంలో మోటర్లు లేవు గాబట్టి ఆమె మోసింది."

సిమెంటు ఒరలు దించి మనిషి మునిగే లోతు తవ్వాం. నీళ్ళు బుడబుడమని ఊరి వచ్చాయి. మోటరు వేసిన రోజు అక్క దానికి పసుపు రాసి కుంకుమ పెట్టింది. భాయ్ ఫొటో తీసుకున్నాడు. సార్ తోటలో నీళ్ళు గొడుగు విప్పినట్టు చిమ్ముతుంటే వాళ్ళమ్మ చేయి చాచి ఆ తుంపర పట్టుకుంది. మేము పొంగిపోయాం. సంక్రాంతి దాటి శివరాత్రి వచ్చేసరికి ఆ గడ్డిని చూడటానికి కోట నుంచి కూడా జనం వచ్చేవాళ్ళు.

ఒకరోజు మధ్యాహ్నం అక్క పొయ్యి ముందు కూర్చుని విసుక్కుంటోంది.

"పొద్దుట్నించీ ఉడకబెడతాండా. కందిపప్పు రాళ్ళ మాదిరి అట్నే ఉండాది. ఏం పప్పు తెచ్చినారో."

ఆ పప్పు తెచ్చింది నేను. నాకు రోషం వచ్చింది. ఉడకని పప్పును టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, భాయ్ బండి మీద కోటకు పోయి, కొట్టు ముందు నిలబడి నలుగురూ వినేట్టు అరిచాను. పాత సరుకు అంటగట్టావన్నాను. కొట్టువాడు నిదానస్థుడు. డబ్బా మూత తీసి చూశాడు, వేళ్ళతో ఒక పలుకు నలిపి చూశాడు, మమ్మల్ని కూర్చోమన్నాడు. అదే బస్తాలో నుంచి గుప్పెడు పప్పు తీసి లోపల ఇంట్లోకి పంపాడు. కాసేపటికి గిన్నె వచ్చింది. పప్పు వెన్నలాగా ఉడికిపోయి ఉంది.

"మా ఇంట్లో ఉడికింది గదన్నా. ఇప్పుడు మీ నీళ్ళు తెచ్చియ్యి. వాటితో కూడా ఉడకబెట్టిస్తా. ఉడికితే నీ చెప్పు తీసుకుని నన్ను గొట్టు" అన్నాడు.

అతని మాట పట్టుకుని నీళ్ళు తెచ్చే సాహసం మేము చేయలేదు. భాయ్ బండి తీశాడు. వస్తూనే దొరువు దగ్గరికి పోయి, దోసిలితో తీసుకుని నోట్లో పోసుకున్నాం. ఉప్పు. మరీ సముద్రం అంత కాదు, ఉప్పు మాత్రం ఉంది. రోజుకు రవ్వంత చొప్పున పెరుగుతూ వచ్చింది కాబట్టి రోజూ అవే తాగేవాళ్ళ నాలుకకు అది తెలియలేదు. పప్పుకు తెలిసింది.

అప్పుడు కళ్ళు తెరిచి చూస్తే నారుమడిలో బంతి ఆకుల అంచులు మాడి ఉన్నాయి. అంతదాకా దాన్ని ఎండదెబ్బ అనుకుని మేము ఇంకా ఇంకా నీళ్ళు పోయించి ఉన్నాం. ఒక్కొక్క మడి వారంలోపే ఒరిగిపోతూ వచ్చింది. మల్లె అంట్లు ఆకు రాల్చాయి. అక్క ఎవరినీ తిట్టలేదు. తను తిట్టకపోవడం అదే మొదటిసారి, నాకు దానితోనే భయమేసింది.

"నారు పోతే మళ్ళీ పోసుకుంటా. దొరువు పోతే నేను యాడికి పోవాల? ఈ నేల మీద నేనుండేది ఆ నీళ్ళను జూసుకొనే గదా" అంది.

అది ఎంత నిజమో మాకు తెలుసు. ఆ నీళ్ళు లేకపోతే ఆ నేల ఉత్త ఇసుక. అక్క మొక్కలూ ఉండవు, జట్టూ ఉండదు, పొయ్యి మీద గిన్నె కూడా ఉండదు.

భాయ్‌కి ఓటమి ఒప్పుకోవడం రాదు. ఇంకా కిందికి పోతే మంచి పొర తగులుతుందని పట్టుబట్టాడు. నేనూ అదే నమ్మాను. తెల్లవారి, అడుగున జల్లెడ ఉండే ఫిల్టర్ పాయింటు పైపు, చేతిపంపు వేసుకుని వచ్చాడు. దొరువు పక్కన ఇసుకలో పైపు కొంచెం కొంచెంగా దించడం, ఆగి పంపు కొట్టడం, వచ్చిన నీళ్ళు రుచి చూడటం. మొదట ఉప్పు. ఇంకాస్త దించాం, ఇంకాస్త ఉప్పు. మళ్ళీ దించాం. ఈసారి వచ్చిన నీళ్ళు నోట్లో పోసుకోగానే ఉమ్మేశాను. అది సముద్రమే. అలల్లో తల ముంచితే నోట్లోకి పోయే నీళ్ళు ఎట్లా ఉంటాయో అట్లా ఉంది.

భాయ్ కోపంతో పైపు పీకి భుజాన వేసుకుని, సరుగుడు తోపులో ఇసుక దిబ్బ ఎత్తుగా ఉన్న చోటికి నడిచాడు. అక్కడ ఎవరూ ఎప్పుడూ నీళ్ళు తోడలేదు. మళ్ళీ మొదలుపెట్టాడు. తడి తగలగానే ఆపి పంపు కొట్టాడు. గ్లాసులో పట్టి నాకిచ్చాడు. తీపి. పాత దొరువు నీళ్ళే, అంతే తీపి.

"దొరికింది గదా, ఇంకాస్త దించితే ఇంకా బాగా పడతాయి" అన్నాను. చూశారా, అప్పటికీ నాకు బుద్ధి రాలేదు.

మూరెడు దించాడు. నీళ్ళు చప్పగా ఉన్నాయి. ఇంకో మూర దించాడు. నాలుకకు ఉప్పు తగిలింది. ఇంకా దించాడు. సముద్రం.

ఒక్కో లోతు దగ్గర పట్టిన గ్లాసులను చెక్క పలక మీద వరసగా పెట్టాం. అన్నీ ఒకే చోటినుంచి తీసినవి. చూడటానికి అన్నీ ఒకటే, తేటగా ఉన్నాయి. మొదటిది తాగే నీళ్ళు, చివరిది సముద్రం. మధ్యలో ఏ గోడా లేదు, బండా లేదు, మట్టి పొర కూడా లేదు. ఉన్నదంతా ఒకటే ఇసుక. నేను ఒక్కొక్క గ్లాసూ మళ్ళీ రుచి చూశాను, ఈ చివరినుంచి ఆ చివరికి, ఆ చివరినుంచి ఈ చివరికి. అన్నేళ్ళుగా ఆ ఇసుక మీద తిరుగుతూ కింద నేల ఉందనుకున్నాను. నేల కాదు, సముద్రం ఉంది. ఇసుక సందుల్లో సముద్రం మా కాళ్ళ కిందికంటా వచ్చి కూర్చుంది. దాని మీద ఆకాశం నుంచి పడ్డ వాన కలవకుండా, అణగకుండా తేలుతోంది. అంత సముద్రం మీద ఈ కాస్త వాన ఎట్లా నిలబడిందో, ఎన్ని తరాలుగా నిలబడిందో!

"అన్నా, మనం నిలబడింది సముద్రం మీదనే" అన్నాడు భాయ్.

అక్క వచ్చి మొదటి గ్లాసూ చివరి గ్లాసూ రుచి చూసింది. రెండూ పలక మీద పెట్టి దొరువు వైపు తిరిగింది.

"పాల మీద మీగడ మాదిరి ఉండాదబ్బయా. గరిట కిందికి పోనిచ్చినామంటే కలిసిపోద్ది. మా అత్త ఎప్పుడూ చెప్పలా. ఆమెక్కూడా తెలీదేమో. వాళ్ళత్త పార కడిగింది, ఈమె కడిగింది" అంది.

ఆ తర్వాత భూగర్భ జలాల శాఖలో పనిచేసే ఒకాయన ఏదో పని మీద అటు వస్తే అడిగాం. తీపినీళ్ళు తేలిక, ఉప్పునీళ్ళు బరువు, అందుకే పైన నిలబడతాయి, ఒకే చోట లోతునుంచి తోడితే అడుగు ఉప్పు పైకి ఉబ్బి వస్తుంది అని కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. మళ్ళీ దిగుతుందా అని అడిగాను. తోడటం ఆపితే దిగవచ్చు, వాన బాగా పడితే కడుక్కుపోవచ్చు, ఎప్పటికని మాత్రం చెప్పలేను అన్నాడు. ఆ ఒక్కమాట పట్టుకుని మేము ఎండాకాలం గడిపాం.

ముందు సార్‌కు చెప్పాలి. ఎవరు చెప్పాలన్న దాని మీద నేనూ భాయ్ పెద్ద యుద్ధమే చేశాం. చివరికి ఇద్దరం పోయాం. నీళ్ళు ఆపేస్తున్నాం, గడ్డి ఎండిపోతుంది, అని చెప్పగానే ఆయన లేచి నిలబడ్డాడు.

"పచ్చగా ఉండాలని చెప్పి పని అప్పజెప్పినా గదయ్యా మీకు. ఎండాకాలం మొదట్లోనే చేతులెత్తేస్తే ఎట్టా?"

"అక్క దొరువు ఉప్పయిపోయింది సార్. ఇంకా తోడితే మీ తోట కూడా ఉప్పుతోనే చస్తాది" అన్నాడు భాయ్.

ఆయన మళ్ళీ ఏదో అనబోతుంటే, వరండాలోంచి వాళ్ళమ్మ పిలిచింది. ఆమె చూపు మేము పరిచిన గడ్డి మీద లేదు. కంచె అవతల ఇసుక మీద ఉంది.

"ఒరే, ఆ తీగేందిరా? ఎవురూ నీళ్ళు పోయడం నేను జూళ్ళా. పొద్దున్నే ఎంత బాగా పూస్తాదో. రోజూ దాన్నే చూస్తాండా."

సముద్రం ఒడ్డున ఇసుక మీద పాకే ఒక తీగ ఉంటుంది, చూసే ఉంటారు. మేక గిట్ట ఆకారంలో మందపాటి ఆకులు, ఊదా రంగు పూలు. ఒక్కో పల్లెలో ఒక్కో పేరు చెబుతారు. మా లెక్కలో అది కలుపు. ఎర్రమట్టి పరిచే ముందు సార్ స్థలంలో దాన్ని బండ్లకొద్దీ పీకించి పారేసింది మేమే. సార్ తల్లి వైపు చూశాడు, తీగ వైపు చూశాడు, చివరికి మా వైపు తిరిగాడు. వాన పడ్డాక వచ్చి ఏం చేస్తారో చేయండి అన్నాడు.

ఒరలు పైకి లాగాం. దొరువును మళ్ళీ పాత లోతుకు ఇసుకతో నింపాం. మోటరును భాయ్ కావలికి తీసుకుపోయాడు. దాని మీద పసుపు మరక అట్లాగే ఉంది.

ఆ ఎండాకాలం అక్క నారు పోయలేదు. ఆ నేల నారు లేకుండా ఉండటం పల్లెలో ఎవరికీ గుర్తులేదు. తాగే నీళ్ళు పల్లె మొదట్లో ఉన్న కుళాయి నుంచి మోసుకొచ్చేది. నడుము బాగుపడాలని పెట్టిన మోటరు చివరికి మోత ఇంకా పెంచింది. నేను మా ఊళ్ళో ఉండలేక ఏదో ఒక వంక పెట్టుకుని కోటకు వచ్చిపోయేవాణ్ణి. పప్పు కొనాలనే వంక కూడా ఒకసారి పెట్టాను. కొట్టువాడు ఏమీ అనకుండా తూచి ఇచ్చాడు, పెదవి మాత్రం బిగపట్టుకున్నాడు. ఎప్పుడు పోయినా అక్క దొరువు గట్టు మీద నిలబడి చూసి వెనక్కి వచ్చేది. చేయి మాత్రం పెట్టేది కాదు.

"రుచి చూడరాదా అక్కా?" అన్నాను ఒకసారి.

"ఉప్పంటే ఏడవాల. తీపంటే తోడబుద్ధవుద్ది. వానలు రానియ్యి" అంది.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. దీపావళి పొడిగా పోయింది. నేను ఆకాశాన్ని తిట్టని రోజు లేదు. తర్వాత ఒక వాయుగుండం పట్టింది చూడండి, పొలమూ బాటా తేడా తెలియకుండా కురిసింది. జనమంతా ఎప్పుడు ఆగుతుందా అని మొక్కుకుంటుంటే నేను, భాయ్ ఫోనులో, ఇంకా పడాలని మాట్లాడుకున్నాం. ఎవరైనా వింటే కొట్టేవాళ్ళే.

వాన వెలిశాక సార్ స్థలంలో పని మొదలుపెట్టాం. చచ్చిన గడ్డినీ ఎర్రమట్టినీ ఎత్తేసి ఇసుకను బయటపెట్టాం. ఒడ్డునుంచి ఆ తీగ కాడలే తెచ్చి తడి ఇసుకలో గుచ్చాం. ఇంటి చుట్టూ ఈ గాలికి, ఈ ఉప్పుకు పుట్టిన మొక్కలే పెట్టి, వాటి మొదళ్ళకు సరుగుడు తోపులో రాలిన ఆకు మందంగా కప్పాం. చిన్న మొక్కల పక్కన మట్టికుండలు పూడ్చాం, ఒకసారి నింపితే అవే నిదానంగా తడుపుతాయి. యూరియా మానేశాం, అది ఇసుకలో నిలవదు, నేరుగా దొరువులోకే పోతుంది. ఇంటి కప్పు మీది వాననీళ్ళు సముద్రంలోకి పోయే గొట్టాన్ని భాయ్ తిప్పి, అక్క నేల వైపు ఇసుక గుంటలోకి మళ్ళించాడు. సార్ అడ్డం చెప్పలేదు. ఇదంతా ఇప్పుడు మీరు శిక్షణ తరగతుల్లో పెద్ద పేర్లతో నేర్చుకుంటున్నారట. మాకు మాత్రం ఒక్కటే పేరు తెలుసు, అక్క దొరువు.

అదే రోజుల్లో అక్క జట్టుతో దొరువు ఎత్తిపోయించింది. నేనూ భాయ్ పని వదిలేసి గట్టు మీద నిలబడ్డాం. నీళ్ళు ఊరి మోకాలికి తగిలాయి. అక్క పార కడిగి బోర్లించింది. నీళ్ళు తేటపడ్డాయి. ఎవరూ వంగలేదు. భాయ్ నన్ను చూశాడు, నేను అతన్ని చూశాను. చివరికి నేనే దోసిలి పట్టబోతే అక్క ఆపింది.

"నాలికను నమ్మను అబ్బయా. అది ఒకసారి మోసం చేసింది."

ఒక్క కడవ ముంచుకుంది. సరుగుడు తోపు నీడలో మూడు రాళ్ళ పొయ్యి పెట్టి, కందిపప్పు కడిగి ఎసట్లో పోసింది. మా చేతులకు పని కల్పించాలని కాబోలు, పోయి తీగలు నాటుకోండి అంది. పోయాం. నేను నాటిన కాడలు తలకిందులుగా ఉన్నాయని ఆడవాళ్ళు నవ్వారు. భాయ్ నాటిన కాడనే పీకి మళ్ళీ నాటుతున్నాడు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా పొగ వాసన వస్తోంది. నేను తల తిప్పకూడదనుకుంటూనే తిప్పుతున్నాను. అక్క మూత తీయడం, చూడటం, మళ్ళీ పెట్టడం. మళ్ళీ తీయడం.

తర్వాత పప్పుగుత్తి చప్పుడు వినిపించింది. పప్పు ఉడకకపోతే గుత్తి గిన్నెకు తగిలి టకటకలాడుతుంది. ఉడికితే మెత్తగా, ఎవరో నిద్రలో నడిచినట్టు వినబడుతుంది. మాకు మెత్తటి చప్పుడే వినిపించింది. ఆడవాళ్ళు చేతులు దులుపుకుని లేచారు. భాయ్ ఉన్న చోటే ఇసుకలో కూలబడి రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు.

అక్క అందరికీ అన్నం పెట్టి మీద పప్పు వేసింది. ఉప్పు తక్కువైంది. ఆ రోజు ఉప్పు వేయడానికి తనకు చేయి రాలేదట. మేము అడగలేదు. నేను ఎన్నో పెళ్ళిళ్ళలో, ఎన్నో ఇళ్ళలో తిన్నాను గానీ, అట్లాంటి పప్పు తినలేదు. వేళ్ళతో నలుపుతుంటే వెన్నలాగా జారిపోతోంది. సముద్రం మన మీద దయతలచి ఒక అడుగు కిందికి దిగింది, వాన దాని మీద మళ్ళీ వచ్చి కూర్చుంది, ఆ కూర్చున్నదాన్ని మనం తింటున్నాం అనిపించి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొగ అని చెప్పాను. ఎవరూ నమ్మలేదు.

తినడం అయ్యాక పళ్ళెం కడుక్కుందామని దొరువులోకి దిగబోయాను.

"ఏయ్, యాడికి?" అంది అక్క. ఏడాదిగా వినని తిట్టు గొంతు అది. "పళ్ళెం ఇట్ట తే. ఉండాదే మూరెడు, అందులో చేతులు పెడతావా?"

చెంబుతో నీళ్ళు తెచ్చింది. ముందు రోజే కొత్తగా కట్టిన మడి దగ్గరికి నన్ను నడిపించింది. బంతి విత్తనం అప్పటికే చల్లి ఉంది. దొరువులో ఇసుక ఎత్తకముందే, నీళ్ళు తీపో ఉప్పో తెలియకముందే, ఆమె విత్తనం చల్లేసింది.

"ఊఁ, ఈడ కడుక్కో" అంది.

మడి మీద చేతులు చాచాను. అక్క సన్నటి ధారగా పోసింది.